మూడేళ్ల పిల్లాడు కొడుతున్నాడు, కొరుకుతున్నాడు, సారీ చెప్పడు. నిజంగా వెనకబడ్డాడా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. బాబుకి 3 ఏళ్ల 2 నెలలు. ప్లేస్కూల్లో తన చేతిలో బొమ్మ ఎవరైనా ముట్టుకుంటే కొడతాడు, ఈ నెలలో రెండుసార్లు కొరికాడు కూడా. సారీ చెప్పమంటే పెదవి విప్పడు. ఇంట్లో అడిగింది ఇవ్వకపోతే నేలమీద పడి దొర్లుతాడు. మీవారు ఏదో వీడియో చూసి, చాక్లెట్ ముందు పెట్టి 'తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తాను' అనే చాక్లెట్ పరీక్ష పెడితే అర నిమిషం కూడా ఆగలేదు. 'సోషల్‌గా, ఎమోషనల్‌గా వెనకబడి ఉన్నాడు' అని టీచర్ డైరీలో రాశారు. ఇంట్లోవాళ్లేమో 'నువ్వే నెత్తికెక్కించుకున్నావు' అంటున్నారు. వీడు మామూలేనా, నావల్లే ఇలా అయ్యాడా, ఏం చేయాలి అని అడిగారు.

ఇదంతా రాశాక ఆఖర్న, వేరే సంగతి చెబుతున్నట్టు ఒక వాక్యం కలిపారు. పుట్టినప్పటి నుంచి వాణ్ణి చూసుకున్న అమ్మమ్మ రెండు నెలల క్రితం తన ఇంటికి వెళ్లిపోయారని, ఆ వారంలోనే వాణ్ణి ప్లేస్కూల్లో వేశామని. నేనైతే ఆ వాక్యంతోనే మొదలుపెట్టేదాన్ని. కానీ మీ టెన్షన్ అంతా కొట్టడం, కొరకడం మీద ఉంది కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

నేను 6 ఏళ్లు చిన్నపిల్లల టీచర్‌గా ఉన్నాను. ఆ తర్వాత 17 ఏళ్లుగా పిల్లల ఎదుగుదల విషయంలో తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీరు చెప్పినవాటిలో మూడేళ్ల వయసుకి విడ్డూరమైనది ఒక్కటీ కనబడలేదు. పిల్లాడు ఎక్కడో ఎవర్నో చూసి కొట్టడం నేర్చుకుంటాడని మనందరికీ ఒక ఊహ ఉంటుంది. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు పసివయసు నుంచి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. కొట్టడం, తన్నడం, తోసెయ్యడం మనిషి జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రెండు మూడేళ్ల ప్రాంతంలోనేనని ఆయన పనిలో తేలింది. మాటలు వచ్చేకొద్దీ, చేతిని ఆపుకునే శక్తి పెరిగేకొద్దీ చాలామందిలో అది తగ్గుతూ పోతుంది. అంటే కొట్టడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు, కొట్టకుండా ఉండటమే నేర్చుకోవాలి. నడకలాగా, మాటలాగా అదీ నెమ్మదిగా వచ్చే విద్యే. మీవాడు ఆ విద్యలో సరిగ్గా నడిమధ్యలో ఉన్నాడు.

ఇక సారీ. మనకు అది ఒక్క మాట. పిల్లాడికి ఆ మాట మనసులోంచి రావాలంటే దాని కింద చాలా అంతస్తులు కట్టి ఉండాలి.

మొట్టమొదట 'నేను' అనేవాణ్ణి ఒకణ్ణి ఉన్నానని వాడికి తెలియాలి. పిల్లల ముఖం మీద వాళ్లకు తెలియకుండా రంగు చుక్క పెట్టి అద్దం ముందు కూర్చోబెట్టే పరీక్ష ఒకటుంది, దాని ఫలితాలు 1972లో వచ్చాయి. ఏడాది పిల్లలు అద్దంలో ఉన్నది ఇంకో పాప అనుకుని నవ్వుతారు, ఆడుకుంటారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యకు వచ్చాకే ఎక్కువమంది చేయి తమ ముఖం మీదికి వెళుతుంది. సిగ్గు, గర్వం, తప్పు చేశానన్న ఇబ్బంది ఆ తర్వాత మొలకెత్తేవే.

ఆ పైన, ఎదుటివాళ్ల ఇష్టం నా ఇష్టం ఒకటి కాదని తెలియాలి. 1997లో బెట్టీ రెపాకోలి, ఆలిసన్ గాప్నిక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు. ఒకామె పిల్లల ముందు కూర్చుని పచ్చి బ్రకోలీ ముక్క తిని 'అబ్బ, ఎంత బాగుందో' అంటుంది, బిస్కెట్ తిని ముఖం చిట్లిస్తుంది. తర్వాత చేయి చాచి 'నాకు కొంచెం పెట్టవా' అని అడుగుతుంది. 14 నెలల పిల్లలు ఎక్కువగా తమకు నచ్చిన బిస్కెట్టే పెట్టారు. 18 నెలల పిల్లలు తమకు నచ్చకపోయినా బ్రకోలీ తీసి ఇచ్చారు. నాలుగు నెలలే తేడా!

అక్కడితో అయిపోలేదు. ఎదుటివాడు అనుకుంటున్నది నేను అనుకుంటున్నదానికి వేరే కావచ్చునని తెలియడానికి ఇంకో రెండేళ్లు పైనే పడుతుంది. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ ఒక చిన్న కథతో దీన్ని పరీక్షించారు. ఒక పిల్లాడు చాక్లెట్‌ను ఒక అరలో పెట్టి బయటికి వెళతాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు దాదాపు అందరూ కొత్త అరే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికీ తెలుసనే వాళ్ల లెక్క. నాలుగు దాటుతుండగా సరైన జవాబు రావడం మొదలవుతుంది. ఇప్పుడు మీవాడి క్లాసులోకి వెళ్దాం. వాడు కారు కింద పెట్టి నీళ్లు తాగడానికి వెళతాడు. పక్కపిల్లాడు 'ఇది ఖాళీగానే ఉంది కదా' అనుకుని తీసుకుంటాడు. 'వాడికి నేను ఆడుకుంటున్నట్టు తెలియదేమో' అని ఆలోచించగలిగే వయసు మీవాడికి ఇంకా రాలేదు. వాడికి అర్థమయ్యేది ఒక్కటే, నా కారు పోయింది. చేయి లేస్తుంది.

ఇంతలో టీచర్ వచ్చి 'సారీ చెప్పు' అంటుంది. నేనూ ఆ టీచర్నే ఒకప్పుడు. పని మొదలుపెట్టిన ఏడాదిలో నా క్లాసులో ఒక మూడున్నరేళ్ల బాబుండేవాడు, ఎవర్నైనా కొట్టిన ప్రతిసారీ చేయి పట్టుకుని సారీ చెప్పించేదాన్ని. రెండు నెలల్లో బ్రహ్మాండంగా నేర్చుకున్నాడు. ముందే 'సారీ' అని, ఆ తర్వాత కొట్టేవాడు. నవ్వొచ్చింది గానీ, ఆ రోజు ఇంటికెళ్లాక చాలాసేపు ఆలోచించాను. వాడి దృష్టిలో సారీ అంటే కొట్టడానికి కట్టే టికెట్. నేర్పింది నేనే.

అప్పటినుంచి నేను చేసేది వేరు. దెబ్బ తిన్న పిల్లాడి దగ్గరికి ముందు వెళతాను, కొట్టినవాడి దగ్గరికి కాదు. కొట్టినవాణ్ణి కూడా పక్కనే ఉంచుకుంటాను. 'చూడు, ఇక్కడ ఎర్రగా అయింది. నొప్పిగా ఉంది వాడికి. ఆ తడిగుడ్డ తెచ్చి ఇస్తావా?' అంటాను. తెస్తే సరే, తేకపోతే నేనే తెస్తాను, వాడు చూస్తాడు. సారీ అనే మాట నేను చెబుతాను: 'వాడు కొట్టాడు, నేను ఆపలేకపోయాను, సారీ నాన్నా.' పిల్లలు వినీ వినీ ఏదో ఒక రోజు వాళ్లంతట వాళ్లే అంటారు. అలా వచ్చిన సారీ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

పంచుకోవడం కూడా ఇలాంటిదే. పిల్లలు పుట్టు స్వార్థపరులని అనుకోకండి. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెలో 2006లో చూపించింది ఏమిటంటే, పెద్దాయన చేతిలోంచి క్లిప్పు జారి కింద పడితే, అందుకోలేక అవస్థపడుతుంటే 18 నెలల పిల్లలు కూడా ఎవరూ అడక్కుండానే వెళ్లి తీసి ఇస్తారు. సాయం చేయాలన్న బుద్ధి అంత తొందరగా వస్తుంది. ఇంకో రెండేళ్లకు వాళ్లే చేసిన మరో ప్రయోగంలో, సాయం చేసినందుకు బొమ్మ బహుమతిగా అందుకున్న 20 నెలల పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. కాబట్టి 'ఇస్తే స్టార్ పెడతాను' అనే పద్ధతి మీ ప్లేస్కూల్లో ఉంటే, దానివల్ల మీవాడు మారతాడని ఆశపడకండి.

సాయానికి ఖర్చు లేదు. పంచుకోవాలంటే తన చేతిలోది వదలాలి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి, ఇంకో పిల్లాడికి ఎన్ని ఇవ్వాలి అని అడిగారు. మూడేళ్ల వాళ్లు కూడా 'సగం ఇవ్వాలి' అనే చెప్పారు. ఇచ్చేటప్పుడు మాత్రం ఎక్కువ తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇంకా తమాషా ఏమిటంటే, 'నువ్వైతే ఎన్ని ఇస్తావు' అని ముందే అడిగినప్పుడు తాము తక్కువే ఇస్తామని చక్కగా ఒప్పుకున్నారు. నీతి తెలుసు, తెలిసినా చేయి రావడం లేదు. పెద్దవాళ్లలో కూడా ఇలాంటివాళ్లు నాకు చాలామంది తెలుసు.

'పంచుకో' అనే మాట బదులు 'వంతు' అనే మాట వాడండి. 'నీదయ్యాక వాడి వంతు. అయ్యాక నువ్వే ఇవ్వు.' పంచుకో అంటే పిల్లాడికి వినబడేది 'నీది పోతుంది' అని. వంతు అంటే పోయినది తిరిగొస్తుంది. మీవాడు క్లాసులో ఎవరితోనూ కలవకుండా పక్కన కూర్చుని ఆడతాడని కూడా రాశారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆమె 1932లోనే పిల్లల ఆటల్ని రకాలుగా విడదీసి రాశారు: ఒంటరి ఆట, చూస్తూ ఉండటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, కలిసి ఒకే ఆట ఆడటం. మూడేళ్ల వాళ్లకు పక్కపక్కన ఆడుకోవడమే హాయిగా ఉంటుంది. అందరూ కలిసి, ఒకడు డాక్టరు, ఒకడు పేషెంటు అని పాత్రలు పంచుకునే ఆట నాలుగేళ్ల దగ్గర్లో పుంజుకుంటుంది. ఆ ఆట కోసం తొందరపెట్టొద్దు.

నేలమీద దొర్లడం గురించి. మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ ఇలాంటి పేచీలను ఒక్కొక్కటిగా కాలంతో సహా లెక్కగట్టి 2003లో రాశారు. నాలుగింట మూడువంతులు 5 నిమిషాలు దాటవు. (ఆ 5 నిమిషాలు మీకు గంటలా అనిపిస్తాయి, అది వేరే సంగతి.) నాకు పనికొచ్చిన అసలు విషయం ఇంకోటి. పేచీలో రెండు పాయలుంటాయి. ఒకటి కోపం: తన్నడం, అరవడం, ఒళ్లు బిగబట్టడం. రెండోది దుఃఖం: ఏడుపు, వెక్కిళ్లు, దగ్గరికి రావాలని చూడటం. కోపం మొదట్లోనే ఎగసి దిగిపోతుంది. దుఃఖం మొదటినుంచీ ఉంటుంది, కోపం దిగాక బయటపడుతుంది. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కోపం ఎగసినప్పుడు 'ఎందుకు ఏడుస్తున్నావు, ఏం కావాలి, చెప్పు చెప్పు' అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. అప్పుడు వాడికి మాటలు ఎక్కవు, ప్రతి ప్రశ్నా ఇంకో నిప్పురవ్వ. తీరా కోపం దిగి, వాడు వెక్కుతూ మీవైపు చూసే క్షణానికి మీకు ఒళ్లు మండి ముఖం తిప్పుకుంటారు. దీన్ని తలకిందులు చేయండి. మొదట్లో మాట తగ్గించి దెబ్బ తగలకుండా మాత్రం చూస్తూ దగ్గర్లో కూర్చోండి. వాడు మీవైపు చూసినప్పుడు చేతులు చాచండి. అడిగిన వస్తువు ఇవ్వక్కర్లేదు. వస్తువు ఇవ్వకపోవడం, మనిషి దొరకకపోవడం వాడికి రెండు వేరువేరు సంగతులు.

'అలా ఎత్తుకుంటే ఇంకా నెత్తికెక్కుతాడు' అని మీ ఇంట్లోవాళ్లు అంటారని తెలుసు. వాళ్లకు ఇలా చెప్పండి. పిల్లలకు తమను తాము శాంతపరుచుకునే శక్తి పుట్టుకతో రాదు. ముందు మన దగ్గర అప్పు తీసుకుంటారు. వందలసార్లు, వేలసార్లు మన చేతుల్లో శాంతించాక, ఆ పద్ధతి వాళ్ల ఒంట్లోకి దిగుతుంది. అప్పు ఇవ్వకుండా 'సొంతంగా సంపాదించుకో' అంటే మూడేళ్లవాడు ఎక్కడినుంచి తేగలడు?

మన ముఖాన్ని పిల్లలు ఎంత చదువుతారో మనకు తెలియదు. 1985లో ఒక ప్రయోగం చేశారు. గాజు పరిచిన బల్ల, దాని కింద ఒకచోట 30 సెంటీమీటర్ల లోతు కనబడుతుంది. ఏడాది పిల్లలు ఆ అంచుదాకా పాకుతూ వచ్చి ఆగి, అవతల ఉన్న అమ్మ ముఖంలోకి చూస్తారు. అమ్మ నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటారు. అమ్మ ముఖంలో భయం ఉన్నప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు. ప్లేస్కూల్ గేటు దగ్గర మీ ముఖం రోజూ ఎలా ఉంటోంది? 'ఇవాళ ఎవర్నీ కొట్టకు, కొరక్కు, సరేనా' అని దిగాలుగా వదిలి వస్తున్నారా? ఇది నింద కాదు, నేనూ నా కూతురి విషయంలో అదే చేశాను. వాడికి ఆ ముఖంలో కనబడేది లోయ.

అలాగని ఇరవై నాలుగు గంటలూ నవ్వుతూ ఉండక్కర్లేదు. ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం ఒకటుంది. ఆడిస్తున్న అమ్మ ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కొద్ది నిమిషాలు ఉండిపోతుంది. నెలల పిల్లలు నవ్వి చూస్తారు, చేతులు చాస్తారు, కేకపెడతారు, చివరికి తల తిప్పేసుకుంటారు. ఆ ప్రయోగం గురించి విన్న తల్లులు భయపడిపోతారు. కానీ ఆ ట్రానికే తర్వాత ఇంకోటి చూశారు. అన్యోన్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది దాదాపు మూడోవంతు సమయమేనట. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుసుకోవడం. అలా తిరిగి కలుసుకోవడంలోనే పిల్లలు నేర్చుకుంటారు. పొద్దున అరిచారా, సాయంత్రం 'పొద్దున అమ్మ అరిచింది కదా, భయమేసిందా' అని అడగండి. చాలు.

మీవారి చాక్లెట్ పరీక్ష. దాని గురించి ఇంత ప్రచారం జరగకపోతే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన ఆ పరీక్ష ఎక్కువగా నాలుగైదేళ్ల పిల్లలతో చేసింది. మూడేళ్లవాడికి పెట్టడమే అన్యాయం. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో బాగా రాణించారన్న మాటను 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ పరిశీలించారు. ఇంటి పరిస్థితులు, పిల్లాడి తెలివితేటలు లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. నాకు ముఖ్యమనిపించేది 2013లో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన పరీక్ష. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మంది. పరీక్షకు ముందు సగం మందికి 'మంచి రంగులు తెస్తాను, ఆగు' అని చెప్పి నిజంగా తెచ్చారు. మిగతా సగం మందికి అలాగే చెప్పి, ఖాళీ చేతులతో వచ్చి 'లేవు, ఉన్నవాటితోనే వేసుకో' అన్నారు. తర్వాత తీపి ముక్క ముందు పెట్టి ఆగమంటే, మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. ఆగడం అనేది పిల్లాడి ఒక్కడి గుణం కాదు, ఎదుట ఉన్న పెద్దవాళ్ల మీద నమ్మకం కూడా. ఈ 3 నిమిషాలు, 12 నిమిషాలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మధ్యలో, ఏం కనబడితే ఆలస్యం చేయకూడదో చెప్పేస్తాను. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, నచ్చినదాన్ని వేలితో చూపించి 'చూడు' అన్నట్టు మీ ముఖంలోకి చూడకపోవడం, ఉత్తుత్తి వంటలు, ఉత్తుత్తి ఫోన్ లాంటి ఆటలేవీ లేకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏదున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. పేచీలు తరచుగా 25 నిమిషాలు దాటుతున్నా, తలను నేలకేసి కొట్టుకోవడం, తన చేతిని తానే కొరుక్కోవడం మళ్లీ మళ్లీ జరుగుతున్నా అంతే. ఇంకోటి, వినికిడి పరీక్ష. మీవాడి మాట బయటివాళ్లకు సగమే అర్థమవుతుందని రాశారు. మూడేళ్లకు బయటివాళ్లకు కూడా చాలావరకు అర్థం కావాలి. నోటితో చెప్పలేనిది పళ్లతో చెప్పే పిల్లల్ని నేను ఎంతోమందిని చూశాను. చెవిలో నీరు చేరి సరిగ్గా వినబడక మాట ఆగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఈ పరీక్ష మాత్రం వాయిదా వేయకండి. చేయించుకున్నాక అన్నీ బాగుంటే మంచిదే.

ఇప్పుడు అమ్మమ్మ.

మూడేళ్లు పొద్దున లేపి, నిద్రపుచ్చిన మనిషి ఒక రోజు కనబడలేదు. మీ లెక్కలో ఆమె తన ఇంటికి వెళ్లారు, ఆరోగ్యం బాగుండక వెళ్లారు, రోజూ ఫోన్లో మాట్లాడుతున్నారు. వాడి లెక్కలో మాయమైపోయారు. అదే వారంలో, ఎవరో తెలియని ఇంట్లో ఇరవై మంది పిల్లల మధ్య వదిలేసి మీరూ వెళ్లిపోతున్నారు. రెండూ వాడికి ఒకే సంఘటన: నా మనుషులు వెళ్లిపోతున్నారు, నా బొమ్మలు కూడా లాక్కుంటున్నారు. ఈ స్థితిలో చేతిలో ఉన్న ఒక్క కారును పళ్లతో కాపాడుకోవడం నాకేమీ అర్థంకాని పనిలా లేదు.

పిల్లలు అమ్మతోనే అనుబంధం పెంచుకుంటారని ఒకప్పుడు అనుకునేవారు. 1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని గమనించి రాసిన దాంట్లో, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామందికి ఒకరికంటే ఎక్కువమంది సొంతమనుషులు ఉన్నారు. నాన్న, అమ్మమ్మ, తాతయ్య, అక్క. మీవాడికి అమ్మమ్మ ఆ వరసలో రెండో స్థానమో మొదటి స్థానమో నేను చెప్పలేను, ఆ పోలికతో మీకు పనిలేదు కూడా. అనుబంధాల గురించి మనకు ఇవాళ తెలిసినదానికి పునాది వేసిన జాన్ బౌల్బీని చిన్నప్పుడు పెంచింది మిన్నీ అనే ఆయా. ఆయనకు నాలుగేళ్లు వస్తుండగా ఆమె వెళ్లిపోయింది. ఆ వెలితి పెద్దయ్యాక కూడా ఆయన్ను వదల్లేదని చెబుతారు.

బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆస్పత్రిలో 8 రోజులు అమ్మానాన్నలకు దూరంగా ఉన్న రెండేళ్ల పాపను కెమెరాతో చిత్రించారు. అప్పట్లో తల్లిదండ్రుల్ని వార్డులో ఉండనిచ్చేవారు కాదు. ఇలాంటి పిల్లల్లో వాళ్లిద్దరూ చూసిన క్రమం ఇదీ: మొదట ఏడ్చి గొడవ చేస్తారు, తర్వాత దిగులుగా మూలకు చేరతారు, ఆ తర్వాత 'సర్దుకున్నారు' అని అందరూ సంతోషించేలా మామూలుగా కనబడతారు. తీరా అమ్మ వస్తే ముఖం తిప్పుకుంటారు. వాళ్లిద్దరినీ కలవరపెట్టింది ఆ చివరిదే. మీవాడు ఇంకా గొడవ చేస్తున్నాడు. నన్నడిగితే అది మంచి సూచన. అమ్మమ్మ ఫోన్ చేస్తే మాట్లాడకుండా పారిపోతున్నాడని రాశారు, 'అప్పుడే మర్చిపోయాడు' అన్నారు. మర్చిపోలేదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మొదటిది, 'అమ్మమ్మ రేపొస్తుంది' అనడం ఈరోజే ఆపేయండి. ఇందాకటి 3 నిమిషాలు, 12 నిమిషాలు ఇక్కడికే వస్తాయి. రెండు నెలలుగా రేపు రాని అమ్మమ్మ, ఖాళీ చేతులతో వచ్చిన రంగుల మనిషి వాడికి ఒకటే. నిజం చెప్పండి, వాడి సైజులో. 'అమ్మమ్మ వాళ్లింట్లో ఉంది. నీమీద కోపం వచ్చి వెళ్లలేదు. నువ్వు అల్లరి చేశావని వెళ్లలేదు. కాలు నొప్పి అని వెళ్లింది. నీకు గుర్తొస్తోంది కదా, నాకూ గుర్తొస్తోంది.' మధ్యలో ఆ రెండు వాక్యాలు ముఖ్యం. ఈ వయసు పిల్లలు ఏం జరిగినా తమవల్లే జరిగిందనుకుంటారు.

ఫోన్లో 'అమ్మమ్మకు హాయ్ చెప్పు, ముద్దు పెట్టు' అని ఒత్తిడి చేయకండి. వాడు ఆడుకుంటుంటే ఫోన్ పక్కన పెట్టండి, ఆమె నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథ ఏదో ఉంటుంది కదా, అదే చెప్పమనండి. వాడు చూడకపోయినా వింటాడు. ఆమె ఫొటో ఒకటి వాడి ఎత్తులో అంటించండి. ఆమె వాడిన దుప్పటో చీరో ఉంటే ఉతక్కుండా వాడికివ్వండి. రెండో వారంలోనో మూడో వారంలోనో వాడు అమ్మమ్మ కోసం బాగా ఏడవొచ్చు. అది వెనక్కి వెళ్లడం కాదు. ఏడిస్తే ఆపించకండి, 'గుర్తొచ్చిందా' అని ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

ప్లేస్కూల్లో చెప్పకుండా జారుకోవడం మానండి. 'వాడు ఆటలో పడగానే వెళ్లిపోండి' అని టీచర్ చెప్పారని రాశారు. ఆ సలహా వల్ల టీచర్‌కు పది నిమిషాల ఏడుపు తప్పుతుంది. మీవాడికి మాత్రం కాసేపు ఆటలో పడితే అమ్మ మాయమైపోతుందని తెలుస్తుంది, అందుకే వాడు దేనిలోనూ పడటం లేదు. రోజూ ఒకే మాట, ఒకే పద్ధతి: ముద్దు, చేతిలో చేయి, 'నిద్ర లేచాక వస్తాను', వెళ్లిపోవడం. ఏడుస్తాడు. ఏడవనివ్వండి, కానీ టీచర్ చేతుల్లో ఏడవాలి, గేటు పట్టుకుని ఒంటరిగా కాదు. చెప్పిన సమయానికి తప్పకుండా వెళ్లండి. కుదిరితే ఒక నెల సగం పూటే పంపండి.

టీచర్‌తో గొడవపడొద్దు. ఇరవై మందిని చూసుకుంటున్న ఆమెకు ఓపిక నశించడం నేను అర్థం చేసుకోగలను. డైరీలో మాట గురించి వాదించకుండా రెండే అడగండి. ఒకటి, పొద్దున వాణ్ణి గేటు దగ్గర రోజూ ఒకే మనిషి తీసుకోవాలి, ఆ మనిషి ఎవరైనా సరే. రెండోది, రెండు వారాలపాటు కొట్టినప్పుడల్లా మూడు విషయాలు రాసిపెట్టమనండి: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు. నేను చూసిన ఇలాంటి కాగితాల్లో చాలావాటిలో ఒక వరస కనబడింది. ఆకలేసే ముందు, లేదా అందరూ ఒకేసారి ఇరుకుగా చేరే చోట, లేదా ఆట ఆపి లేవమన్నప్పుడు. వరస తెలిస్తే ఆ సమయానికి ఐదు నిమిషాల ముందు ఒక పెద్దమనిషి వాడి పక్కన ఉంటే సరిపోతుంది. నోరు తెరిచినప్పుడు భుజం పట్టుకుని 'కొరకనివ్వను. నాది అని చెప్పు' అనడం. అంత చిన్న మాటే, ఎందుకంటే ఆ క్షణంలో వాడికి అంతకంటే ఎక్కువ ఎక్కదు. నొప్పి తెలియాలని తిరిగి కొరకమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఆ సలహా ఇప్పటికీ తిరుగుతోందని వింటే నాకు ఆశ్చర్యం.

ఈ మాటలు పనిచేయడానికి ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. కొరకడం తగ్గడానికి నేను చూసినంతలో రెండు మూడు నెలలు, మధ్యలో ఒకట్రెండు చెడ్డవారాలతో. వినికిడి పరీక్షకు అపాయింట్‌మెంట్ ఈ వారంలో తీసుకోండి. అమ్మమ్మకు ఫోన్ మాత్రం ఇవాళ వాడు నిద్రపోయేవేళకే చేయండి. వాడు పారిపోతే పోనివ్వండి, కథ పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టెయ్యొద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచండి.